ఊపిరి ఆగిన లెక్క

గురక యనిన మన యిండ్లలో నవ్వులాట. పెండ్లివారింట పదిమంది ఒక్క హాలులో పరుండినప్పుడు ఎవరి గురక యే రాగమున సాగినదో మఱునాడు కాఫీల వేళ చెప్పుకొని నవ్వుకొందుము. కుంభకర్ణుని పేరు తలపని యిల్లు లేదు. అయితే ఆ గురక నడుమ నొక్కొక్కసారి చప్పుడు పూర్తిగా నిలిచిపోవును. ప్రక్కనున్న యిల్లాలు "హమ్మయ్య, కొంచెము శాంతించినారు" అనుకొని అటు తిరిగి పరుండును. సోదరీమణులారా, ఆలోచింపవలసినది ఆ నిశ్శబ్దమును గూర్చియే. అప్పుడు గొంతులోని మెత్తని కండ జాఱి త్రోవ మూసివేయును. రొమ్ము ఎగసిపడుచుండును గాని గాలి లోనికి పోదు. పది సెకండ్లో, ఇరువదియో, ఒక్కొక్కప్పుడు నిమిషమో గడచిన పిమ్మట పెద్ద గుటకతో ఊపిరి తిరిగివచ్చును. దీనిని వైద్యులు స్లీప్ ఆప్నియా యందురు. మేము నిద్రలో శ్వాసస్తంభన మని వ్రాయుదుము.

ఇది అపురూపమైన జబ్బు కాదు. 30 మొదలు 69 సంవత్సరముల వయస్సు గలవారిలో ప్రపంచమున 93 కోట్లకు పైగా జనులకిది కొద్దిగానో గొప్పగానో కలదని 2019లో వెలువడిన యొక అంచనా. మన దేశమున పదికోట్ల మందికి పైగా నుందురని 2023లో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన వైద్యులు లెక్కకట్టిరి. 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' చిత్రములకు సంగీతము కూర్చిన బప్పీ లాహిరి 2022 ఫిబ్రవరి 15వ తేదీన ముంబయిలో తన 69వ యేట మరణించినప్పుడు వైద్యులు తెలిపిన కారణ మిదియే. ఆ దినముననే మన యాడువారిలో పెక్కండ్రు ఈ జబ్బు పేరు మొదటిసారి వినియుందురు.

దీనికి గల చికిత్సలలో ముఖ్యమైనది సీపాప్ యంత్రము. 1981లో ఆస్ట్రేలియా దేశమున సిడ్నీ నగరములో కోలిన్ సల్లివన్ అను వైద్యుడు దీనిని మొదట అయిదుగురు రోగులపై ప్రయోగించి ప్రకటించెను. సంగతి మిక్కిలి సులువు. ముక్కునకు మాస్కు తగిలించి, గొట్టము గుండ గాలిని మెల్లగా ఊదుచుండిన, ఆ గాలియే గొంతును లోపలినుండి తెఱచి నిలుపును. ఒత్తిడిని నీటి సెంటీమీటర్లలో చెప్పుదురు. ఒక గ్లాసు నీటిలో పది సెంటీమీటర్ల లోతునకు పుల్ల గొట్టమును ముంచి బుడగలు వచ్చునట్లు ఊదుటకు ఎంత బలము కావలయునో, అది పది సెంటీమీటర్ల ఒత్తిడి. ఇంటి యంత్రములు సాధారణముగా నాలుగు మొదలు ఇరువది వఱకు ఊదగలవు. వానిలో కొన్ని గొంతు మూసికొనుచున్నదని తోచినప్పుడు తమంతట తామే ఒత్తిడి పెంచుకొనును.

ఇంతవఱకు చిక్కు లేదు. చిక్కు తెల్లవారిన తరువాత వచ్చును. విశాఖపట్టణమున ఉక్కునగరములోని క్వార్టర్సులోనో, గాజువాకలోని ఫ్లాటులోనో ఒక కుటుంబ మున్నదనుకొందము. యజమాని కర్మాగారములో క్రేను నడుపును. మంచము ప్రక్క ముక్కాలిపీటపై యంత్ర మున్నది. ఉదయము దాని అద్దముపై "ఏ.హెచ్.ఐ. 2.3" అను అంకె కనబడును, ప్రక్కన నవ్వుమొగము బొమ్మ. గంటకు రెండు మూడుసారులే ఊపిరి ఆగినదని దాని యర్థము. అయిదునకు లోపలనున్న మంచిది, అయిదు మొదలు పదునైదు వఱకు స్వల్పము, ముప్పది దాటిన తీవ్రము అని వైద్యులు పెట్టిన కొలత. ఇల్లాలు సంతసించును. ఆయన మాత్రము పేపరు చదువుచు కుర్చీలోనే కునుకుచున్నాడు. ఇద్దఱిలో ఎవరిని నమ్మవలయును? యంత్రమునా, కునుకునా? ఎత్తున కూర్చుండి టన్నులకొలది బరువును కదల్చు మనిషి విషయమున ఇది యూరక వేయు ప్రశ్న కాదు. ఆ బరువు క్రింద మనుష్యులు తిరుగుచుందురు.

మొదట యంత్రము లెక్క యెట్లు పెట్టునో చూతము. దానికి కన్నులు లేవు, ఆయన తలపై తీగలు లేవు. పెట్టెలోపల గాలి ప్రవాహమును కొలుచు చిన్న సాధన మొక్కటి యున్నది. ఊపిరి పీల్చినప్పుడు ప్రవాహము హెచ్చును, విడిచినప్పుడు తగ్గును. రామకృష్ణా బీచిలో అలవలె లేచి పడుచుండు గీత యొకటి ఏర్పడును. గడచిన కొన్ని నిమిషముల అలల యెత్తును యంత్రము గుఱుతు పెట్టుకొని, ఆ యెత్తు దాదాపు పూర్తిగా పడిపోయి పది సెకండ్లు లేవకున్న "ఆగినది" అని ఒకటి వేసికొనును. పది సెకండ్లనిన రెండు మూడు ఊపిరులు తప్పినట్లు.

ఆగుటలో రెండు రకములు గలవు. గొంతు మూసికొనుట ఒకటి. గొంతు తెఱచియే యుండి మెదడు ఊపిరి తీయుమని ఆజ్ఞ యీయకుండుట రెండవది. ఈ రెంటిని వేఱుచేయుటకు యంత్రము చమత్కారమైన పని చేయును. ఊపిరి నిలిచిన వెంటనే గాలిని సన్నగా అదలించి పంపును. తలుపు తట్టి లోపల గది ఖాళీయో కాదో తెలిసికొనునట్లు, ఆ యదురు తిరిగివచ్చు తీరునుబట్టి త్రోవ తెఱచియున్నదో మూసియున్నదో ఊహించును. ఒక కంపెనీవారి యంత్రము సెకండునకు నాలుగుసార్లు అదలించును. మఱియొకరిది విడివిడిగా ఒకటి రెండు తోపులు తోయును. ఊహ చాలవఱకు నిజమగును. కాని మెదడు ఆజ్ఞ యీయనప్పుడును కొందఱికి గొంతు మూసికొనును. అది గొంతు దోషముగా నమోదగును. మెలకువలో ప్రక్కకు ఒత్తిగిలుచు ఊపిరి బిగబట్టిన, దానినే మెదడు దోషముగా వ్రాసికొనును. ఆయన మేలుకొనియున్న సంగతి పాపము దాని కేమి తెలియును?

పూర్తిగా ఆగిన ఊపిరిని యంత్రములు బాగుగనే పట్టగలవు. కొంత తగ్గి, మరల కోలుకొన్న ఊపిరి యున్నది చూడుడు, దానికడ తడబడును. అట్టి తగ్గుదలను లెక్కలోనికి తీసికొనుటకు వైద్యుల నియమ మేమనగా, గాలి నూటికి ముప్పది పాళ్లయినను తగ్గవలెను. దానితోపాటు రక్తములోని ప్రాణవాయువు నూటికి మూడో నాలుగో పాళ్లు పడిపోవలెను, లేదా మెదడు ఉలికిపడి మేలుకొనినట్లు తల తీగలలో కనబడవలెను. ఇంటి యంత్రమునకు వ్రేలి క్లిప్పు లేదు, తల తీగ లేదు. అందుచేత ప్రతి కంపెనీయు గాలి గీతనుబట్టియే తనకు తోచిన సూత్రము నొకటి ఏర్పఱచుకొన్నది. ఒకే మనిషిని ఒకే రాత్రి రెండు కంపెనీల యంత్రములు చూడగలిగినచో రెండంకెలు చెప్పుట ఆశ్చర్యము కాదు. ఇంటి సోలతో కొలిచిన బియ్యమును అంగడి తవ్వతో పోల్చుట వంటిది.

ఇక భాగహారము. ఇచ్చట సోదరీమణులు కాగితము కలము తీసికొనిన మంచిది. ఆయన రాత్రి పదిగంటలకు మాస్కు పెట్టుకొని ఆఱింటికి తీసినాడు, ఎనిమిది గంటలు. అందులో రెండుగంటలు నిద్రపట్టక దొర్లినాడు. నిదుర పోయినది ఆఱుగంటలే. ముప్పదియాఱుసార్లు ఊపిరి తగ్గినది. యంత్రమునకు నిద్రయు మెలకువయు ఒక్కటే గనుక ముప్పదియాఱును ఎనిమిదిచే భాగించి 4.5 అని చూపి నవ్వుమొగము పెట్టును. నిద్రాగంటలతో భాగించిన 6 వచ్చును. గీటునకు ఇవతల ఆరోగ్యము, అవతల జబ్బు! మఱి తెల్లవారుజామున మూడింటికి మాస్కు లాగి పాఱవేసి ఆఱింటివఱకు గురకతో నిద్రించినవాని సంగతి? ఆ మూడుగంటలు లెక్కలోనే లేవు. తాను లేని వేళ జరిగినది యంత్రము చెప్పజాలదు. చెప్పలేదని మనమే మఱచిపోవుదుము.

షిఫ్టు పనివారి యిండ్లలో వేఱొక తమాషా కలదు. చాలా యంత్రములకు దినము మధ్యాహ్నము పండ్రెండు గంటలకు మొదలై మఱునాటి మధ్యాహ్నమునకు ముగియును. రాత్రి నిద్రించువారికి ఇది సరిపోవును. సీ షిఫ్టు ముగించుకొని వచ్చి, ఫలాహారము చేసి, ఎనిమిదింటికి పరుండి మూడింటికి లేచువాని నిద్రను మాత్రము ఇది నడుమ కోసివేయును. నాలుగుగంటలు ఒక తేదీ క్రింద, మూడుగంటలు మఱుసటి తేదీ క్రింద పడును. చూచువారికి "ఈయన దినమునకు మూడుగంటలే వాడెను" అనిపించును. మూడు షిఫ్టులలో నడచు ఉక్కు కర్మాగారమును, రేయింబవళ్లు ఓడలు దింపు రేవును గల మన యూరిలో వైద్యునితో ముందుగా చెప్పవలసిన మాట యిది. ఆయన యే వారము ఏ షిఫ్టు చేసెనో కాలెండరుపై గుఱుతు పెట్టుట గృహిణికి పెద్ద పని కాదు.

సగటు అను మాటలోనే కొంత మోస మున్నది. ఆఱుగంటల నిద్రలో పదునెనిమిదిసార్లు ఆగిన సగటు మూడు. ఆ పదునెనిమిదియు రాత్రి పొడవునను చెదరి యుండవచ్చును. లేదా తెల్లవారుజామున కలలు వచ్చు నిద్రలో ఒక్క గంటలోనే కుప్పగా పడి యుండవచ్చును. అంకె ఒక్కటే, మనిషి పడిన బాధ ఒక్కటి కాదు. పది సెకండ్ల ఆగుడును ఒకటే, అఱువది సెకండ్ల ఆగుడును ఒకటే లెక్క. స్త్రీలలో ఈ జబ్బు తఱచుగా కలనిద్రలోనే హెచ్చుగా నుండుననియు, ఊపిరి పూర్తిగా ఆగుటకంటె కొంత తగ్గుటయే యెక్కువ యనియు వైద్యులు గమనించిరి. అనగా యంత్రములు ఎచ్చట తడబడునో సరిగా అచ్చటనే ఆడువారి జబ్బు దాగియున్నది. ఈ మాట చదివినప్పుడు మాకు కొంత కోపమును వచ్చినది.

మాస్కు వదులైన ఇవేవియు నిలువవు. గాలి ప్రక్కలనుండి పోవుచుండగా గీత యంతయు కలతవడును. నోరు తెఱచి నిద్రించువారికి మఱింత. లీకు హెచ్చుగా నున్న రాత్రి యంత్రము చూపు చిన్న అంకెను చూచి మురియరాదు; ఆ రాత్రి అది సరిగా వినలేదని మాత్రమే గ్రహింపవలెను.

అయితే యంత్రము మాటలన్నియు పుక్కిటి పురాణములని మా యభిప్రాయము కాదు. అమెరికా దేశపు శ్వాసకోశ వైద్యుల సంఘము వారు 2013లో ఈ విషయముపై ఒక ప్రకటన గావించిరి. ఎన్ని గంటలు వాడినది యంత్రము చెప్పిన దానిని నమ్మవచ్చుననియు, ఊపిరి ఆగిన లెక్కను, లీకు లెక్కను అర్థముచేసికొనుట అంత తేలిక గాదనియు, కంపెనీల నడుమ ఒకే ప్రమాణము లేదనియు అందలి సారాంశము. మా తలంపున దీనిని గృహిణి యెట్లు వాడుకొనవలె ననిన: ఒక రాత్రి యంకెను చూచి సంతోషమును వలదు, దిగులును వలదు. నెలల తరబడి రెండు మూడుగా నున్నది ఒక్కసారిగా పదికి పైబడి అక్కడనే నిలిచినచో ఏదో మాఱినదని యర్థము. మాస్కు చినిగెనో, బరువు పెరిగెనో, క్రొత్త మందేదైన మొదలుపెట్టిరో చూడవలెను. అంకె చక్కగా నుండి మనిషి చక్కగా లేనప్పుడు మనిషినే నమ్మవలెను.

మఱి యొక హెచ్చరిక. యంత్రపు బొత్తాములు ఎట్లు నొక్కవలెనో ఫోనులో చూచి ఒత్తిడి పెంచు తెలివిగల బావమఱదులు ప్రతి కుటుంబములోను ఒక్కరైన నుందురు. గొంతు మూసికొనుటవలన ఊపిరి ఆగినచో ఒత్తిడి పెంచుట పనికివచ్చును. మెదడు ఆజ్ఞ మఱచుటవలన నైనచో పెంచినకొలది కొందఱికి హెచ్చగుటయు కలదు. గుండె బలహీనమై మెదడు సంబంధమైన స్తంభనము గలవారికి ఒకవిధమైన ప్రత్యేక యంత్రము వాడి చూడగా మేలు కలుగకపోగా మరణములు పెరిగెనని 2015లో ప్రకటింపబడిన పెద్ద పరిశోధన తేల్చినది. కావున ఏ రకమో తెలియక చేయు సవరణ చిన్నపని కాదు.

యంత్రమునకు ముందు జరుగు పరీక్షను గూర్చియు రెండు మాటలు. ఆసుపత్రిలో ఒక రాత్రి పరుండబెట్టి తలకు, కాళ్లకు, రొమ్మునకు తీగలు తగిలించి చేయు పరీక్ష సంపూర్ణమైనది. ఇంటికి పెట్టె పంపి చేయు పరీక్ష సులువైనది. దానిలో తల తీగలు సాధారణముగా నుండవు గనుక జబ్బును ఉన్నదానికంటె తక్కువగా చూపవచ్చును. ఇంటి పరీక్షలో ఏమియు లేదని వచ్చినను అనుమానము బలముగా నున్నచో ఆసుపత్రి పరీక్ష చేయింపవలెనని 2017లో అమెరికా నిద్రావైద్యులు నియమము చేసిరి. 2024 నుండి చేతిగడియారములు సయితము ఈ జబ్బును పసిగట్టి హెచ్చరించుటకు ఆ దేశమున అనుమతి పొందినవి. అవి హెచ్చరించిన తప్పక వైద్యుని చూడవలెను. హెచ్చరింపలేదని జబ్బు లేదనుకొనరాదు. వ్రేలికి పెట్టు ఆక్సిమీటరు కరోనా దినములనుండి ప్రతి యింటను ఉన్నది గదా. నల్లని మేనిచాయ గలవారిలో అది ప్రాణవాయువును ఉన్నదానికంటె ఎక్కువగా చూపుట కలదని 2020లో తేలినది. గోళ్ల రంగు తీసివేసి పెట్టుట మేలు.

విశాఖ పట్టణము ఓడలకును ఉక్కునకును పేరుగాంచినది. 2018 డిసెంబరులో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ వలన వైద్యపరికరములకును పేరు వచ్చినది. పరికరములు తయారుచేయు కర్మాగారములు, వానిని పరీక్షించు శాలలు ఒక్కచోటనే యున్నవి. 2020 ఏప్రిల్ 1వ తేదీనుండి మన దేశమున వైద్యపరికరములన్నియు ఔషధముల చట్టము క్రిందికి వచ్చినవి. ఇవి మేలైన మార్పులు. కాని విద్యుత్తు దెబ్బ కొట్టదని, గాలి సరియైన ఒత్తిడితో వచ్చునని పరీక్షించుట వేఱు. ఊపిరి లెక్క నిక్కమని హామీ యిచ్చుట వేఱు. పెట్టెపై ముద్ర చూచి రెండవదియు నున్నదని భ్రమపడరాదు. పేరుగల పెద్ద కంపెనీయైన ఫిలిప్స్ వారు 2021 జూనులో యంత్రములలోని శబ్దము తగ్గించు నురుగుముక్క శిథిలమై గాలిలో కలియవచ్చునని లక్షలకొలది యంత్రములను వెనుకకు పిలిచిరి. సెకండుహాండు యంత్రము కొనువారు దాని నంబరు చూచి ఈ సంగతి విచారించుకొనవలెను.

మన యూరి గాలియు దీనికి పరీక్షయే. ఓడరేవునకు దాపుననున్న పాతనగరమున కిటికీ అంచులపై నల్లని ధూళి తుడిచి తుడిచి గృహిణుల చేతులు అలసినవి. ఆ ధూళియే యంత్రపు ఫిల్టరునకు పట్టును. కంపెనీ చెప్పిన గడువునకు కాచుకొనక, ఫిల్టరు నల్లబడగానే మార్చవలెను. ఏ.సి. గదిలో గొట్టమునందు నీరు చేరి గుడగుడలాడిన నిద్ర చెడును. యంత్రమును మంచముకంటె కొంచెము క్రిందుగా నుంచిన ఆ నీరు వెనుకకు జాఱును. విద్యుత్తు పోయిన రాత్రి యంత్ర మాగిపోవును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గాలివాన తాకిన పిమ్మట విశాఖలో దీపములు లేని రాత్రులు ఎన్నియో గడచినవి గదా. అట్టి రాత్రి లెక్కలో సున్న కాదు, ఖాళీ. నెల సగటు ఆ ఖాళీని చూపదు.

ఇంతసేపు యజమాని జబ్బునే చెప్పితిమి. మాస్కు చాలవఱకు మగవారి మొగములపైననే కనబడుచున్నది గనుక నట్లు వ్రాసితిమి. అది పూర్తి నిజము కాదు. ముట్లుడిగిన తరువాత స్త్రీలకును ఈ జబ్బు హెచ్చగును. థైరాయిడు తక్కువైనవారికి, బరువు పెరిగినవారికి మఱింత. అయితే వారు "నాకు గురక వచ్చుచున్నది" అని వైద్యునితో చెప్పరు. ఆడుది గురక పెట్టుట తప్పన్నట్లు పెంచిరి గదా! నీరసము, నిద్రపట్టకుండుట, తెల్లవారగానే తలనొప్పి, ఊరక ఏడ్పు వచ్చుట చెప్పుదురు. రక్తము తక్కువని ఒక మాత్ర, మనోవ్యాధియని ఒక మాత్ర, నిదురకు ఒక మాత్ర వచ్చును. ఆ నిదుర మాత్రలలో కొన్ని ఊపిరిని మఱింత అణచును. భర్త గురకను భార్య వినును. ఆమె గురకను వినువా రెవరు? ఆయన ముందుగనే నిద్రపోవును. పిల్లలు వేఱు గదిలో. వితంతువైన తల్లి యొంటరిగా పరుండును. ఊపిరి జబ్బనగానే విశాఖవారికి చినవాల్తేరులోని ఛాతీ ఆసుపత్రియో, కింగ్ జార్జి ఆసుపత్రియో స్ఫురించును. దగ్గునకై పోదురు గాని నీరసమున కెవరు పోవుదురు?

కూఁతురో కోడలో రెండు మూడు రాత్రులు తల్లి గదిలో పరుండి వినుట మంచిది. ఫోనును తలగడ దాపున నుంచి శబ్దము పట్టినను చాలును. గురక, పిమ్మట నిశ్శబ్దము, పిమ్మట గుటక: ఈ వరుస వినబడిన ఆ ధ్వనినే వైద్యునికి వినిపింపవచ్చును. యంత్రము వచ్చిన తరువాతను ఈ చెవి పని మానరాదు. మాస్కు పెట్టుకొనియు గురక వినబడినచో అద్దముపై నవ్వుమొగ మెంత నవ్వినను ఒత్తిడి చాలకపోవుచుండవచ్చును.

వైద్యునికడకు పోవునప్పుడు అంకె వ్రాసిన చీటీ చాలదు. చాలా యంత్రముల ప్రక్కన చిన్న మెమొరీ కార్డు ఉండును. ప్రతి ఊపిరి గీతయు అందులోనే నిలుచును. ఏ గంటలో ఆగుట లెక్కువైనవో, ఆ గంట లీకు ఎంతయో వైద్యుడు దానియందు చూడగలడు. యంత్రము నాపిన పిమ్మటనే కార్డు తీయవలెను. ఇంటికి రాగానే దానిని మరల పెట్టుట మఱువరాదు. పెట్టని రాత్రులకు మొత్తపు అంకెలు మాత్రమే మిగిలి, గీతలు దొరకవు.